మరక పోయిన చోటు

షోలాపూర్ నగరపు తూర్పు భాగం మహారాష్ట్రలో వెలసిన తెలుగు నేత వాడ. సాఖర్ పేట, భద్రావతి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్ మొదలుకొని అక్కల్‌కోట దారిలోని పారిశ్రామిక వాడ దాకా మగ్గం చప్పుడు వినపడే వీధుల్లో ఇంటి భాష తెలుగు, బజారు భాష మరాఠీ. ఈ వాడల చరిత్ర చెప్పేవారు వలసల గురించి, మిల్లుల గురించి, సమ్మెల గురించి, షోలాపూర్ దుప్పటి పేరు దేశమంతా పాకిన తీరు గురించి చెబుతారు గాని, గుడ్డ మీద నుంచి క్షణంలో ఆవిరైపోయిన ద్రవాల సంగతి అందులోకి అరుదుగా వస్తుంది. అలా ఆవిరైపోయినవాటిలో ఒకటి కార్బన్ టెట్రాక్లోరైడ్. నూనె మరకలు తీయడానికి భారతీయ వస్త్ర పరిశ్రమ దశాబ్దాలపాటు వాడిన ఈ ద్రావకం, దక్షిణ ధ్రువం మీద 20 కిలోమీటర్ల ఎత్తున మంచు మబ్బుల రేణువులపై జరిగే రసాయన చర్యలకు ముడిసరుకుల్లో ఒకటయింది. నేత వృత్తిలోని ఒక చిన్న అలవాటు అంత దూరం ఎలా చేరిందో, అక్కడ ఏం చేసిందో, ఆ అలవాటును ఎలా మానిపించారో కూడా వృత్తి చరిత్రలో భాగమే.

పద్మశాలీలు షోలాపూరుకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. అప్పటి నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేత కుటుంబాలు, ఊళ్లో పని ఆగినప్పుడు, కరువు తగిలినప్పుడు, అప్పు మెడకు చుట్టుకున్నప్పుడు, విడతలు విడతలుగా పడమటి దారి పట్టాయి. 1860లో బొంబాయి రైలు షోలాపూరును చేరడంతో ఆ ఊరు దక్కన్ పత్తికి పెద్ద అంగడి అయింది. 1877లో, తరవాతి కాలంలో జనం జునీ మిల్లు అని పిలుచుకున్న షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు పని మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే 1876–78 నాటి మహా కరువు దక్కన్ పల్లెలను ఖాళీ చేసింది. మిల్లు వస్తే చేనేత చస్తుందన్నది సాధారణంగా వినబడే మాట. షోలాపూర్‌లో జరిగింది అంత సూటిగా లేదు, ఎందుకంటే మిల్లు వడికిన నూలు చేతిమగ్గం ముంగిటికే రావడంతో, చీరలు నేసే పద్మశాలీ ఇళ్లకు కొన్ని దశాబ్దాలపాటు ఆ మిల్లే ఊతమయింది.

ఒకే కప్పు కింద పది ఇరవై మగ్గాలు పెట్టి, నేసేవారిని కుటుంబాలతో సహా అక్కడే ఉంచుకునే కార్ఖానా పద్ధతి ఈ నేపథ్యంలోనే బలపడింది. మగవారు మగ్గం ఎక్కితే, ఆడవారు కండెలు చుట్టి, మిగిలిన పొద్దులో బీడీలు చుట్టేవారు. 20వ శతాబ్దం నడిచేకొద్దీ చేతిమగ్గం స్థానంలో మరమగ్గం, చీర స్థానంలో జకార్డు పూలు ఎత్తిన దుప్పటి, ముడి వేసినట్టు చిన్న చిన్న ఉచ్చులు లేచే టెర్రీ టవలు వచ్చాయి. ఈ రెండింటికీ తరవాతి కాలంలో భౌగోళిక గుర్తింపు దక్కింది. మార్పు ఎంత వచ్చినా శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ మహర్షి రథం తూర్పు పేటల వీధుల్లో తిరగడం మాత్రం ఆగలేదు. మార్కండేయుని వంశంలో పుట్టిన భావనా ఋషి తామర తూడు దారంతో దేవతలకు వస్త్రం నేశాడన్నది కులపు నమ్మిక. ఆ కథలో నూనె మరక ప్రస్తావన లేదు. అది మరమగ్గంతో పాటు వచ్చిన బెడద.

నేత వాడలో రసాయన శాస్త్రం మరమగ్గం కంటే పాతది. నూలుకు సహజంగా ఉండే పసుపు ఛాయను పోగొట్టనిదే లేత రంగులు నిలవవు గనక, పూర్వం చాకలివారు చౌడు మట్టితోను, సున్నంతోను ఉడకబెట్టి, ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ రోజుల తరబడి తెల్లబరచేవారు. 1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే క్లోరిన్ వాయువును తయారుచేయడం, తరవాత ఫ్రాన్స్‌లో బెర్తొలే దానికి రంగును చంపే గుణం ఉందని చూపడం, 1799లో స్కాట్లండ్‌కు చెందిన టెన్నంట్ ఆ వాయువును పొడి సున్నంలో పట్టి బ్లీచింగ్ పౌడరుగా అమ్మడం జరిగాక, రోజుల పని గంటల్లోకి వచ్చింది. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిసినప్పుడు రంగును విరిచే పని చేసేది హైపోక్లోరస్ ఆమ్లం, దాని లవణ రూపమైన హైపోక్లోరైట్. ఒక క్లోరిన్, ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువులు కలిసిన హైపోక్లోరస్ ఆమ్లమనే ఈ చిన్న అణువు పేరు గుర్తుంచుకోదగినది. రంగుల కార్ఖానా తొట్టిలో నూలును తెల్లబరచే ఈ అణువే, తొట్టీ నూలూ లేని చోట, ధ్రువపు మబ్బు రేణువు మీద కూడా పుడుతుంది.

అద్దకంలో ఇంకో సంగతి ఉంది. నీలిమందు వంటి వ్యాట్ రంగులు నీటిలో కరగవు. కరగని రంగు నూలులోకి దిగదు. అందుకని కాస్టిక్ సోడాతోను, హైడ్రోస్ అని కార్ఖానాలో పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్‌తోను దానిలోని ఆక్సిజన్ బంధాన్ని మార్చి, కరిగే రూపంలోకి తెస్తారు. ఆ తొట్టిలోకి చూస్తే నీలం కనబడదు, పసుపూ ఆకుపచ్చా కలిసిన నీళ్లు కనబడతాయి. నూలు చిలపను అందులో ముంచి, కర్రతో తిప్పి, పైకెత్తి పిండినప్పుడు అది కూడా పసుపు పచ్చగానే ఉంటుంది. గాలి తగిలిన కొద్ది నిమిషాల్లో, ముందు పైపోగులు, తరవాత లోపలి పోగులు, ఆకుపచ్చ మీదుగా నీలానికి తిరుగుతాయి. రంగు తొట్టిలో దాగి ఉండి, గాలి కోసం ఆగి, గాలి తగలగానే బయటపడిందన్నమాట. కృత్రిమ నీలిమందును 1897లో, ఇండాంత్రీన్ వర్గపు రంగులను 1901 తరవాత జర్మన్ కంపెనీలు మార్కెట్లోకి దించినప్పటి నుంచి, ఉతికినా వెలవని దుప్పటి రంగులకు ఈ పద్ధతే ఆధారం. ఒక పదార్థం ఒక రూపంలో నిద్రపోయి, సరైన ఉపరితలం దొరికినప్పుడు, సరైన ఘడియ వచ్చినప్పుడు మేల్కొనడమన్నది అద్దకం పనివారికి కొత్త విషయం కాదు. ధ్రువపు రసాయన శాస్త్రం కూడా ఇలాంటి నిద్రా మేలుకొలుపుల వ్యవహారమే.

ఇక మరక సంగతి. మరమగ్గంలో తిరిగే ప్రతి కీలుకు, ఇరుసుకు, నాడెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొట్టే కర్ర కదిలే చోటుకు, పొడుగు ముక్కు నూనె డబ్బాతో నూనె పోయాలి. పోసిన నూనెలో దూది పొట్టు కలిసి నల్లగా జిగటగా మారుతుంది. మగ్గం అదురుకు అందులో ఒక చుక్క చిందుతుంది. చిందిన చుక్క పడుగు మీద పడితే, నేసేవాడు గమనించేలోపే నాడె దాని మీదుగా పదిసార్లు పోయి, మరక గుడ్డలోకి నేసేసినట్టే అవుతుంది. దుప్పటి ముదురు రంగులో అది కొంత దాగవచ్చు. తెల్ల టవలులో దాగదు, పైగా టవలు మీది ఉచ్చులు నూనెను వత్తి పీల్చినట్టు పీలుస్తాయి. గుడ్డను వాలు బల్ల మీదుగా లాగుతూ వెలుతురులో తనిఖీ చేసే మనిషి, నువ్వు గింజంత నల్ల చుక్క కనబడినా సుద్దతో చుట్టూ గీస్తాడు. గీత పడిన టవలు రెండో రకం కింద జమ అవుతుంది, ధర తగ్గుతుంది, ఆ తగ్గుదల చివరికి ఎవరి కూలిలో కోత పడుతుందో చెప్పనక్కరలేదు.

సబ్బు నీళ్లతో కడగవచ్చు కదా అంటే, కడిగిన చోట గంజి పోయి, పోగు ముడుచుకుని, మరకకు బదులు మచ్చ మిగులుతుంది. పెట్రోలుతో తుడిస్తే నూనె పోతుంది గాని, దూది పొట్టు గాలిలో తేలే గదిలో పెట్రోలు ఆవిరి అంటే నిప్పును ఇంటికి పిలవడమే. కార్బన్ టెట్రాక్లోరైడ్‌కు ఈ రెండు లోపాలూ లేవు. 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెన్యో మొదటిసారి తయారుచేసిన ఈ ద్రవంలో ఒక కార్బన్ చుట్టూ నాలుగు క్లోరిన్ పరమాణువులుంటాయి. అది నూనెను ఇట్టే కరిగిస్తుంది, నిప్పంటుకోదు సరికదా ఒకప్పుడు నిప్పు ఆర్పే సీసాల్లో దాన్నే నింపేవారు, నీటి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది గనక మామూలు గది వేడికే త్వరగా ఎగిరిపోతుంది. చిన్న తుపాకీ వంటి పిచికారీతో మరక మీద కొడితే, నల్ల చుక్క కరిగి అంచులకు జరిగి, వలయంలా నిలబడబోయి, మళ్లీ కొడితే కింది గుడ్డలోకి దిగిపోతుంది. వేలికి చల్లగా తగులుతుంది, ముక్కుకు తియ్యటి వాసన సోకుతుంది, రెండు నిమిషాల్లో గుడ్డ పొడిగా, ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ తియ్యటి వాసన కాలేయానికి, మూత్రపిండాలకు విషమన్న సంగతి వైద్యులకు తెలిసినా, గాలి ఆడని గదుల్లో రోజంతా పిచికారీ పట్టుకున్నవారి దాకా ఆ మాట చేరడానికి చాలా కాలం పట్టింది. ఇది షోలాపూర్ ఒక్కదాని కథ కాదు. నూనె డబ్బా, తనిఖీ బల్ల ఉన్న నేత పట్టణాలన్నింటికీ ఉమ్మడి బెడద.

మరక పోయింది అన్నప్పుడు తెలుగులో పోవడమనే మాట, నశించడానికీ, వేరే చోటికి వెళ్లడానికీ రెండింటికీ చెల్లుతుంది. నేత వృత్తి మొదటి అర్థాన్నే తీసుకుంది, వాతావరణం రెండోదాన్ని. కార్బన్ టెట్రాక్లోరైడ్ ఆవిరి గాలి కంటే ఐదు రెట్లు బరువైనది కాబట్టి నేలమీదే పడి ఉంటుందని అనుకోవడం సహజం. కాని గాలి నిశ్చలంగా ఉన్న సీసాలో చెల్లే ఆ లెక్క, తుపానులూ ఉరుము మేఘాలూ నిరంతరం చిలికే వాతావరణంలో చెల్లదు. వానలో కరగదు, కింది గాలిలోని రసాయనాలకు లొంగదు, కొంత సముద్రమూ నేలా పీల్చుకున్నా, సగటున మూడు దశాబ్దాల వరకు గాలిలో నిలుస్తుంది. నిప్పుకు లొంగని గుణం, గుడ్డను చెరపని గుణం ఏదైతే దాన్ని కార్ఖానాలో ఆదరణీయం చేసిందో, ఆ మొండితనమే దాన్ని పైకి చేరేదాకా బతికించింది.

పైకి పోయే ద్వారం కూడా షోలాపూర్ ఉన్న అక్షాంశాల మీదుగానే ఉంది. భూమికి దగ్గరి గాలి పొర ట్రోపోస్ఫియర్. దాని పైన, సుమారు 50 కిలోమీటర్ల దాకా ఉన్న పొడి, ప్రశాంత పొర స్ట్రాటోస్ఫియర్. ఉష్ణమండలంలో దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తున కింది గాలి పై పొరలోకి నెమ్మదిగా ఎక్కి, కొన్నేళ్లలో ధ్రువాల వైపు సాగి, అక్కడ కిందికి దిగుతుంది. స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి అంత తక్కువ ఎందుకో, సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోన్ వాయువు పుట్టే చోటు ఒకటైతే పోగుపడే చోటు ఇంకొకటి ఎందుకో ఆలోచిస్తూ శాస్త్రజ్ఞులైన బ్రూవర్ 1949లోను, డాబ్సన్ 1956లోను ఊహించిన ఈ ప్రవాహం వారి పేరుతోనే నిలిచింది. 20, 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరాక, కింద ఎవరికీ లొంగని కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను సూర్యుని అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టి, నాలుగు క్లోరిన్ పరమాణువులను విడదీస్తాయి.

ఆ ఎత్తున ఏముందో తెలుసుకోవడానికి దేశంలో జరిగిన ప్రయత్నానికి హైదరాబాద్ కేంద్రం. టాటా మౌలిక పరిశోధన సంస్థ అక్కడ నడిపే బెలూన్ కేంద్రం నుంచి, 1987 మార్చిలోను, మళ్లీ 1990లలోను, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి, ద్రవ నియాన్‌తో చల్లబరచిన ఉక్కు సీసాలను స్ట్రాటోస్ఫియర్‌కు పంపి, వేర్వేరు ఎత్తుల గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చి, అందులో క్లోరోఫ్లోరోకార్బన్ల వంటి వాయువులు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. హైదరాబాద్, షోలాపూర్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీలు దాటిన చోట ఉన్నాయి. ఈ కేంద్రం బెలూన్లు ఎగరేసే ముందు వెలువరించే ప్రకటనల్లో, పరికరాలు విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్ గీత వెంబడి, హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో రంగుల పారాచ్యూట్లతో దిగవచ్చని, వాటిని కదిలించకుండా దగ్గరి పోలీసు ఠాణాకో తపాలా కార్యాలయానికో తెలపాలని ఉంటుంది. పద్మశాలీలు నడిచి వచ్చిన దారికి, పైగాలిని కొలిచే పరికరాలు దిగే దారికి ఇంత పొత్తు ఉండటం యాదృచ్ఛికమే గాని, పటం మీద వేలు పెట్టి చూస్తే ఆశ్చర్యం కలగక మానదు.

క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందన్న హెచ్చరిక 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞుల నుంచి వచ్చింది. మూడు ఆక్సిజన్ పరమాణువుల ఓజోన్ నుంచి ఒకదాన్ని క్లోరిన్ లాక్కుని క్లోరిన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆ మోనాక్సైడ్ ఒంటరి ఆక్సిజన్‌ను కలిసి మళ్లీ క్లోరిన్‌గా బయటపడుతుంది. ఇలా ఒకే పరమాణువు వేల ఓజోన్ అణువులను తినగలదు. అయితే ఈ లెక్క ప్రకారం నష్టం నెమ్మదిగా, 40 కిలోమీటర్ల చుట్టుపక్కల కనబడాలి. 1985 మేలో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫార్మన్, గార్డినర్, శాంక్లిన్ ప్రకటించినది అలా లేదు. అంటార్కిటికాలోని హ్యాలీ బే కేంద్రం మీద అక్టోబరు ఓజోన్, 1960లలో సుమారు 300 డాబ్సన్ యూనిట్లు ఉండేది, 1984 నాటికి 200కు తగ్గింది. డాబ్సన్ యూనిట్ అంటే, తల మీది ఓజోన్‌నంతా నేలమట్టానికి దింపి సున్నా డిగ్రీల వద్ద పరిస్తే మిల్లీమీటరులో నూరో వంతు మందం. 300 యూనిట్లంటే మూడు మిల్లీమీటర్లు, దుప్పటి మడతంత. అందులో మూడో వంతు ఒక్క వసంతంలో, అదీ 12 నుంచి 22 కిలోమీటర్ల మధ్య, మాయమవుతోంది.

లెక్క ఎందుకు తప్పింది? ఆ ఎత్తున క్లోరిన్ చాలావరకు నిద్రలో ఉంటుంది. మీథేన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్‌గా, నైట్రోజన్ డయాక్సైడ్ సాయంతో క్లోరిన్ నైట్రేట్‌గా, రెండు గిడ్డంగుల్లో భద్రంగా దాగి ఉంటుంది. ఈ రెండూ గాలిలో ఎదురుపడినా ఒకదాన్నొకటి పట్టించుకోవు. పడుగూ పేకా ఎదురెదురుగా ఉన్నంత మాత్రాన గుడ్డ కాదు, మగ్గం కావాలి. ధ్రువంపైన ఆ మగ్గం పని మబ్బు చేస్తుంది. స్ట్రాటోస్ఫియర్ ఎంతో పొడి గనక మామూలుగా అక్కడ మబ్బు కట్టదు. అయితే అంటార్కిటికా చీకటి శీతకాలంలో ధ్రువం చుట్టూ పడమటి గాలుల సుడి ఏర్పడి, లోపలి గాలిని బయటి గాలితో కలవనివ్వదు. సూర్యుడు లేక చల్లబడుతూ పోయిన ఆ గాలి మైనస్ 78 డిగ్రీలకు దిగితే నత్రికామ్లం, నీరు కలిసిన సూక్ష్మ రేణువులు పుడతాయి, మైనస్ 85 దాటితే శుద్ధ మంచు రేణువులు కట్టుకుంటాయి. మొదటి రకం మైక్రాను పరిమాణం, రెండోది పది మైక్రాన్ల దరిదాపు. నూలు పోగు వెడల్పు కంటే చిన్నవి. ముత్యపు చిప్ప లోపలి మెరుపు వంటి రంగులతో కొన్నిసార్లు కనబడే ఈ మబ్బులను స్కాండినేవియా జనం ఎప్పటి నుంచో ఎరుగుదురు, వాటిలో రసాయనం జరుగుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

1986లో అమెరికా శాస్త్రజ్ఞురాలు సుసాన్ సాలొమన్, ఆమె సహచరులు, ఆ మబ్బు రేణువుల ఉపరితలమే జవాబని ప్రతిపాదించారు. మంచు మీద ముందు హైడ్రోజన్ క్లోరైడ్ అంటుకుంటుంది, అద్దకం తొట్టిలో రంగు పోగుకు పట్టినట్టు. దాని పక్కకు క్లోరిన్ నైట్రేట్ వచ్చి తగిలితే, గాలిలో ఏళ్లు పట్టేది మంచు మీద ఇట్టే జరిగిపోయి, రెండు క్లోరిన్ పరమాణువుల జంట వాయువుగా లేచిపోతుంది, నత్రికామ్లం మంచులో ఉండిపోతుంది. క్లోరిన్ నైట్రేట్‌కు మంచు నీరే తగిలినప్పుడు పుట్టేది ముందు చెప్పుకున్న హైపోక్లోరస్ ఆమ్లం, తెల్లబరచే తొట్టిలోని అదే అణువు. అది మళ్లీ హైడ్రోజన్ క్లోరైడ్‌తో కలిసి మరో క్లోరిన్ జంటను విడుదల చేస్తుంది. 1987లో అమెరికా ప్రయోగశాలల్లో మంచు పూసిన గాజు గొట్టాల గుండా ఈ వాయువులను పంపి, చర్య నిజంగానే అంత వేగంగా జరుగుతుందని చూపారు. ఇలా ఒక స్థితిలోని పదార్థం వేరొక స్థితిలోని పదార్థపు ఉపరితలం మీద చర్య జరపడాన్ని విజాతీయ చర్య అంటారు.

ఇందులో తరచు మరిచిపోయే సగం, మంచు తన దగ్గర ఉంచుకున్న నత్రికామ్లం. గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ మిగిలి ఉంటే, విడిపోయిన క్లోరిన్‌ను పట్టి మళ్లీ గిడ్డంగిలో వేసేది. నైట్రోజన్ అంతా ఆమ్లమై మంచులో చిక్కుకోవడంతో ఆ కాపలా పోతుంది. పెద్ద రేణువులైతే ఆ ఆమ్లంతో సహా కిందికి రాలి, ఆ ఎత్తును శాశ్వతంగా వదిలిపోతాయి. ఆ విధంగా మబ్బు రేణువు దొంగను విడిపించడమే కాక, కావలివాణ్ణి కూడా కట్టేస్తుంది. చీకట్లో పోగుపడిన క్లోరిన్ జంటలు అప్పటికి ఏ హానీ చేయవు. తొట్టి నుంచి తీసిన చిలప గాలి కోసం ఆగినట్టు అవి వెలుతురు కోసం ఆగుతాయి. ఆగస్టు చివర, సెప్టెంబరులో సూర్యుడు దిగంతం మీదికి రాగానే జంటలు విడిపోతాయి, వాటి నుంచి పుట్టిన క్లోరిన్ మోనాక్సైడ్ తనలో తానే జతకట్టి వెలుతురుకు విరిగే వలయంలో పడి, కొన్ని వారాల్లో ఆ పొర ఓజోన్‌ను చాలావరకు ఊడ్చేస్తుంది. 1987 ఆగస్టు, సెప్టెంబరులలో చిలీలోని పుంతా అరేనాస్ నుంచి అమెరికా పరిశోధన విమానం సుడి లోపలికి ఎగిరినప్పుడు, క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగిన చోటల్లా ఓజోన్ పడిపోవడం ఒకే పటంలో కనబడింది. వాదం అక్కడితో చాలావరకు ముగిసింది.

ఈ నేరంలో మరక మందు వాటా ఎంత? క్లోరిన్‌లో పెద్ద భాగం శీతల యంత్రాల్లోను, స్ప్రే డబ్బాల్లోను వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లది. కార్బన్ టెట్రాక్లోరైడ్ 1990 ప్రాంతంలో శిఖరానికి చేరినప్పుడు, గాలిలోని ప్రతి లక్ష కోట్ల అణువులకు సుమారు 105 అణువులు ఉండేది. ఒక్కొక్కటి నాలుగు క్లోరిన్‌లు మోస్తుంది కనుక, స్ట్రాటోస్ఫియర్‌కు చేరిన క్లోరిన్‌లో దాదాపు పదో వంతు దానిదే. అందులోనూ ఎక్కువ పాలు రసాయన కర్మాగారాలది, వస్త్రాల శుభ్రతది చిన్న పాలు. ఆ చిన్న పాలును పెద్దది చేసి నేతవారిని దోషులుగా నిలబెట్టడం అన్యాయం, అసలు లేదన్నట్టు దాటవేయడం చరిత్ర కాదు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో కుదిరిన ఓజోన్ పరిరక్షణ ఒప్పందంలో ఈ ద్రావకం లేదు. 1990 జూన్‌లో లండన్ సవరణలో చేరింది. పేద దేశాలు మారడానికయ్యే ఖర్చును ధనిక దేశాలు భరించే నిధి కూడా ఆ సవరణతోనే వచ్చింది, అది లేనిదే సంతకం పెట్టబోమన్న దేశాల్లో భారతదేశం ముందు వరుసలో ఉంది. 1992లో ఒప్పందంలో చేరి, 2000లో ఓజోన్ క్షీణత పదార్థాల నియమాలు తెచ్చి, 2010 జనవరి 1 నాటికి కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను ఇటువంటి వాడకాల నుంచి తొలగించింది. ఆ ప్రణాళికలో వస్త్ర శుభ్రత ఒక ప్రత్యేక విభాగం. జర్మన్ ప్రభుత్వ సాంకేతిక సాయంతో ప్రత్యామ్నాయాలను చూపించే పని జరిగింది. కొన్నిచోట్ల ట్రైక్లోరోఎథిలీన్, పెర్‌క్లోరోఎథిలీన్ వచ్చాయి. వాటిలోనూ క్లోరిన్ ఉంది, పీల్చేవారికి అవీ మంచివి కావు, కాని కింది గాలిలోనే కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల్లో విరిగిపోతాయి గనక మబ్బు దాకా చేరేది స్వల్పం. ఇంకొన్నిచోట్ల నీటితో కడిగేసే మరక మందులు, ఉతికితే పోయే మగ్గపు నూనెలు వచ్చాయి. అన్నిటికంటే చవకైన ఉపాయం పాత కాలపుదే: నూనె తగుమాత్రం పోసి, కీళ్ల కింద రేకు కట్టి, పొట్టు రోజూ తుడవడం.

అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడే ప్రాంతం, అంటే ఓజోన్ రంధ్రం, 2006లో దాదాపు 2.7 కోట్ల చదరపు కిలోమీటర్లకు, అంటే భారతదేశానికి ఎనిమిది రెట్ల వైశాల్యానికి విస్తరించి, ఆ తరవాత ఏటికేడు చలిని బట్టి, మబ్బును బట్టి హెచ్చుతగ్గులతో, మొత్తం మీద తగ్గుముఖం పట్టింది. ఓజోన్ 1980 నాటి స్థితికి తిరిగి రావడం ఈ శతాబ్దపు రెండో సగంలో, 2066 చుట్టుపక్కల జరగవచ్చని ప్రపంచ వాతావరణ సంస్థ 2022 నివేదిక అంచనా. ఆలస్యానికి కారణం ఇలాంటి వాయువుల దీర్ఘాయుష్షే, అందులో ఈ ద్రావకపు మూడు దశాబ్దాలూ ఉన్నాయి. 2009లో ఏదో నేత పట్టణంలో తనిఖీ బల్ల మీద, ఏదో తెల్ల టవలు మీది నువ్వు గింజంత చుక్క మీద కొట్టిన చివరి పిచికారీలో దాదాపు సగం అణువులు ఇంకా గాలిలోనే తిరుగుతున్నాయి. ఆ టవలు ఈపాటికి ఏ ఇంట్లోనో చిరిగి, మసిగుడ్డ అయి ఉంటుంది.